పిల్లికి మూత్రం ఆగితే: గొట్టం ఒక్కటే బాగుచేస్తే చాలదు

నోయిడాలో మా సొసైటీలో పై అంతస్తులో ఉండే కర్నూలు అక్కవాళ్ల పిల్లి పేరు పులిరాజు. నాలుగేళ్ల మగపిల్లి. ఆరు కిలోల బరువు. గడప దాటి ఎరుగడు. గతేడాది మే నెలలో ఒక రాత్రి పదిన్నరకు అక్క ఫోన్ చేసింది.

"తమ్ముడూ, పులిరాజు పొద్దుటి నుంచి ఇసుక ట్రేలో కూర్చుని ముక్కుతున్నాడు. ఏమీ రావడం లేదు. మలబద్ధకం అనుకుంటా. కాస్త ఆముదం పట్టమంటావా? నువ్వు సైన్సు రాస్తావు కదా!"

నేను చదివింది ఫిజిక్స్. అయినా ఒక పశువైద్యుడితో ఎప్పుడో మాట్లాడినప్పుడు ఆయన చెప్పిన మాట ఒకటి గుర్తుంది: మగపిల్లి ట్రేలో కూర్చుని ముక్కుతుంటే ముందు మూత్రం గురించి అడగాలి, మలం గురించి తర్వాత. "పొద్దుటి నుంచి పాస్ పోశాడా అక్కా?" అని అడిగాను. రెండు క్షణాలు మౌనం. "చూడలేదు తమ్ముడూ. ఇసుక మాత్రం పొడిగానే ఉంది."

మొదట ఫోన్ చేసిన క్లినిక్‌లో "రేపు పొద్దున పదింటికి తీసుకురండి" అన్నారు. రాత్రి తెరిచి ఉండే మరో ప్రైవేటు ఆస్పత్రికి చేరేసరికి పన్నెండు దాటింది. పొట్ట తడిమి చూసిన డాక్టర్ గారి ముఖం మారిపోయింది. మూత్రాశయం నిమ్మకాయంత ఉండాల్సింది బత్తాయంత అయ్యి రాయిలా గట్టిపడింది. రక్తంలో పొటాషియం లీటరుకు 8.4 మిల్లీమోల్స్. ఉండాల్సింది 3.5 నుంచి 5.5 మధ్య. ఆస్పత్రిలో పిల్లి గుండె మామూలుగా నిమిషానికి 160 నుంచి 220 సార్లు కొట్టుకుంటుంది. పులిరాజుది 110. "రేపు పొద్దున పదింటికి తెచ్చి ఉంటే చూడటానికి ఏమీ మిగిలేది కాదు" అన్నారాయన.

ఆ రాత్రి వాడు బతికాడు. కానీ ఆ తర్వాత నెల రోజుల్లో నేను చూసిందీ, చదివిందీ నన్ను కుదురుగా ఉండనివ్వలేదు. పిల్లుల్లో మూత్రం ఆగిపోవడం అరుదైన విషయం కాదు. పశువైద్యులకు రోజువారీ అత్యవసరాల్లో ఇదొకటి. దానికి చేసే శస్త్రచికిత్స కూడా అర్ధశతాబ్దం దాటినదే. అయినా ఎప్పుడు కోయాలి, ఎప్పుడు కోయకూడదు, కోశాక ఏం మిగులుతుంది అన్న మూడు ప్రశ్నలకు మన దేశంలో పెంపకందారుకు దొరికే జవాబు చాలా సన్నగా ఉంటుంది. ఆ జవాబు ఎందుకు సన్నబడిందో, దాన్ని ఎలా వెడల్పు చేయవచ్చో చెప్పడమే ఈ వ్యాసం ఉద్దేశం.

0.7 మిల్లీమీటర్ల సమస్య

మూత్రాశయం నుంచి బయటికి వచ్చే గొట్టాన్ని మన బడి పుస్తకాలు ప్రసేకం అంటాయి. వాడుకలో మూత్రమార్గం అందాం. ఆడపిల్లిలో ఇది పొట్టిగా, కాస్త వెడల్పుగా ఉంటుంది. మగపిల్లిలో పొడవుగా సాగి, చివరికి వచ్చేసరికి సన్నబడుతుంది. మూత్రాశయం దగ్గర లోపలి వ్యాసం రెండు మిల్లీమీటర్ల పైచిలుకు. బల్బోయురెత్రల్ గ్రంథుల దగ్గర దాదాపు 1.3. అంగం భాగంలో దాదాపు 0.7. అంటే మామూలు పెన్సిల్ ములుకంత కూడా ఉండదు.

ఇక్కడ ఫిజిక్స్ పనికొస్తుంది. సన్నని గొట్టంలో ద్రవం ఎంత వేగంగా పారుతుందో 1830ల చివర్లో ప్రయోగాలు చేసి తేల్చినవాడు పాయిజూలీ అనే ఫ్రెంచి వైద్యుడు. ఒత్తిడి, పొడవు మారకపోతే ప్రవాహం వ్యాసార్ధం నాలుగో ఘాతాన్ని బట్టి మారుతుంది. వాపు వచ్చి గొట్టం సగానికి సన్నబడితే ప్రవాహం సగం కాదు, పదహారో వంతు అవుతుంది. నిజమైన మూత్రమార్గం గాజు గొట్టం కాదు, సాగే కండర గొట్టం. కాబట్టి లెక్క అచ్చంగా ఇలాగే పనిచేయదు. కానీ దిశ మాత్రం అదే. కొద్దిపాటి వాపు, చిటికెడు జిగురు, ఇసుకరేణువంత స్ఫటికం, ఇవి చాలు దారి మూసేయడానికి.

మూసేవి నాలుగు రకాలు. మొదటిది ప్లగ్: మూత్రాశయం గోడల నుంచి వచ్చిన జిగురు పదార్థంలో స్ఫటికాలు చిక్కుకుని తయారైన ముద్ద. రెండోది రాయి. మూడోది ఏ రాయీ, ఏ ముద్దా కనిపించకుండానే వాపు వల్లా, కండరం బిగుసుకుపోవడం వల్లా దారి మూసుకుపోవడం. నాలుగోది పాత గాయాల మచ్చ వల్ల గొట్టం ముడుచుకుపోవడం. నాలుగింటికీ బయటి లక్షణాలు ఒకటే: ముక్కడం, అరవడం, పదేపదే ట్రే దగ్గరికి వెళ్లడం, అంగాన్ని నాకుతూ ఉండటం, తర్వాత వాంతులు, నీరసం.

దారి మూసుకున్నాక మూత్రపిండాలు వడపోయలేవు. యూరియా, ఆమ్లం, అన్నిటికన్నా ముఖ్యంగా పొటాషియం రక్తంలో పేరుకుంటాయి. గుండె కణాల పొర మీద విద్యుత్ తేడా నిలబడాలంటే కణం లోపలా బయటా పొటాషియం నిష్పత్తి సరిగ్గా ఉండాలి. బయట పెరిగితే ఆ తేడా తగ్గుతుంది, గుండె నెమ్మదిస్తుంది, ఈసీజీలో తరంగాల ఆకారమే మారిపోతుంది. పూర్తిగా మూసుకుపోయిన పిల్లి రెండు మూడు రోజుల్లో చనిపోవచ్చు. అందుకే డాక్టర్ గారు ముందు గొట్టం జోలికి పోలేదు. కాల్షియం గ్లూకోనేట్ ఎక్కించారు. అది పొటాషియాన్ని తగ్గించదు, గుండెను కాసేపు కాపాడుతుంది. ఆ వ్యవధిలో గ్లూకోజ్‌తో పాటు ఇన్సులిన్ ఇచ్చి పొటాషియాన్ని కణాల్లోకి నెట్టారు. ఆ తర్వాతే మత్తు ఇచ్చి సన్నని కాథెటర్ దూర్చి, సెలైన్‌తో నెమ్మదిగా కడిగి దారి తెరిచారు.

ఇంత వరకూ అందితే ఎక్కువ పిల్లులు బతుకుతాయి. చికిత్స అందిన వాటిలో పదింట తొమ్మిదికి పైగా ఇంటికి తిరిగి వెళ్తాయని విదేశీ ఆస్పత్రుల లెక్కలు చెబుతున్నాయి. అసలు చిక్కు ఇంటికి వెళ్లాక మొదలవుతుంది. పులిరాజు మూడు రోజులు ఆస్పత్రిలో ఉండి వచ్చాడు. తొమ్మిదో రోజు మళ్లీ ట్రేలో కూర్చుని ముక్కాడు. ఈసారి అక్క ఆముదం గురించి అడగలేదు. ఆటో మాట్లాడుకుని నేరుగా ఆస్పత్రికి వెళ్లింది.

కత్తి చేసే పని, చేయని పని

రెండోసారి మూసుకున్నాక పెరినియల్ యురెత్రాస్టమీ మాట వచ్చింది. పశువైద్యులు పీయూ అంటారు. పిల్లుల్లో ఇప్పుడు ఎక్కువగా చేసే పద్ధతిని 1971లో విల్సన్, హారిసన్ అనే ఇద్దరు అమెరికాలో ప్రచురించారు. సూత్రం తేలిక. సన్నని చివరి భాగాన్ని, అంటే అంగాన్ని, తీసేస్తారు. గొట్టాన్ని కటి ఎముకతో పట్టి ఉంచే కండరాలను, బంధాలను విడదీసి కిందికి లాగుతారు. బల్బోయురెత్రల్ గ్రంథుల దాకా గొట్టాన్ని నిలువునా చీల్చి, లోపలి పొరను చర్మానికి కుట్టేస్తారు. 0.7 మిల్లీమీటర్ల దారి పోయి 1.3 మిల్లీమీటర్ల దారి మిగులుతుంది. పాయిజూలీ లెక్కలో ఇది దాదాపు పన్నెండు రెట్ల తేడా. గ్రంథుల దాకా వెళ్లకుండా మధ్యలోనే ఆపేస్తే కొత్త రంధ్రం మచ్చకట్టి మళ్లీ మూసుకుపోయే ప్రమాదం ఉంటుంది. అందుకే ఈ పని అలవాటున్న చేతికే ఇవ్వాలి.

ఊళ్లో దీన్ని "మగపిల్లిని ఆడపిల్లిగా మార్చే ఆపరేషన్" అంటారు. అక్కవాళ్ల ఇంట్లో పెద్దాయన అందుకే రెండు రోజులు ఒప్పుకోలేదు. పిల్లికి ఆ బెంగ లేదు. పులిరాజుకు గర్భనిరోధక ఆపరేషన్ ఏనాడో అయిపోయింది. ఆ మాట రాగానే ఇంకొకరు అన్నారు, "చిన్నప్పుడే ఆ ఆపరేషన్ చేయించారు, అందుకే గొట్టం పెరగలేదు" అని. ఇది చాలా ఇళ్లలో వినిపించే మాట. కానీ చిన్న వయసులో వృషణాలు తీసేసిన పిల్లుల్లో, తీయని వాటిలో గొట్టం వ్యాసం కొలిచి చూసిన అధ్యయనాల్లో చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు. అక్క అనవసరంగా తనను తాను నిందించుకుంది.

ఆపరేషన్‌కు ముందు అక్క డాక్టర్ గారిని ఒకటే అడిగింది. "ఇది చేయిస్తే మళ్లీ రాదు కదా?"

"గొట్టం మూసుకోవడం దాదాపు ఉండదమ్మా" అన్నారాయన.

అక్క ఆ మాటను "జబ్బు రాదు" అని విన్నది. ఆయన చెప్పింది అది కాదు. నా అభిప్రాయంలో ఈ మొత్తం వ్యవహారంలో ప్రమాదమంతా ఈ రెండు వాక్యాల మధ్య ఉన్న ఖాళీలోనే ఉంది.

పీయూ గొట్టాన్ని మారుస్తుంది. మూత్రాశయంలో రాళ్లు తయారవడాన్ని ఆపదు. మూత్రాశయం వాపునూ ఆపదు. పైగా సన్నగా పొడవుగా ఉన్న దారి బ్యాక్టీరియాకు కొంత అడ్డు. అది పోయాక మూత్రంలో ఇన్ఫెక్షన్ వచ్చే అవకాశం పెరుగుతుంది. కాబట్టి ఆపరేషన్ తర్వాత కూడా అప్పుడప్పుడు మూత్రం కల్చర్ పరీక్ష చేయించాలి, తిండి మార్చాలి, నీళ్లు ఎక్కువ తాగేలా చూడాలి. కుట్లు మానేదాకా మెడకు కాలర్ ఉండాలి, ట్రేలో ఇసుకకు బదులు కాగితం ముక్కలు వేయాలి. ఇవేవీ చెప్పకుండా "ఆపరేషన్‌తో అయిపోతుంది" అంటే అది సగం నిజమే.

తొందరపడి మొదటిసారికే కోయడం కూడా మంచిది కాదు. పదేపదే మూసుకుంటున్నా, లోపల ఇరుక్కున్న రాయి సెలైన్‌తో వెనక్కి పోకపోయినా, కాథెటర్ వల్ల గొట్టం చిరిగినా, మచ్చకట్టి ముడుచుకున్నా అప్పుడు పీయూ ప్రాణం నిలబెడుతుంది. అలాంటప్పుడు వెనకాడటం తప్పు. కానీ కాథెటర్ ఖర్చు, ఆస్పత్రిలో ఉంచే ఖర్చు రెండోసారి భరించలేమన్న భయంతో మొదటిసారికే కోయించుకునేవాళ్లు ఉన్నారు. అదే భయంతో పిల్లిని వదిలేసేవాళ్లూ ఉన్నారు. రెండు నిర్ణయాలూ డబ్బు చేసినవి, వైద్యం చేసినవి కావు.

డబ్బు లేనివాళ్లకు మధ్యదారి ఉందా? 2010లో ఒహాయో స్టేట్ యూనివర్సిటీ పశువైద్యులు ఒక చిన్న ప్రయోగం ప్రచురించారు. కాథెటర్ వేయించే స్తోమత లేని ఇళ్ల నుంచి వచ్చిన 15 మగపిల్లులకు కాథెటర్ లేకుండానే చికిత్స చేశారు. నొప్పి తగ్గించే మందులు, బిగుసుకున్న కండరాన్ని వదులు చేసే మందులు, అవసరమైతే పొట్ట మీది నుంచి సూదితో మూత్రం తీయడం, చీకటిగా నిశ్శబ్దంగా ఉండే గది. 15లో 11 పిల్లులు కోలుకున్నాయి. ఇది అన్ని పిల్లులకూ సరిపోదు. రాయి అడ్డం పడితే పనికిరాదు. పొటాషియం బాగా పెరిగిన పులిరాజు లాంటి వాటికీ కాదు. కానీ "కాథెటర్ లేకపోతే చావే" అన్న చోట మూడో దారి ఉందని చూపింది. ఈ దారి మన క్లినిక్‌లలో ఎంత మందికి పనికొస్తుందో పరీక్షించి చూడటానికి కోట్లు అక్కర్లేదు.

ఎడారి జంతువు, ఫ్లాట్ జీవితం

పెంపుడు పిల్లికి పూర్వీకుడు ఆఫ్రికా, పశ్చిమాసియా ఎండు నేలల అడవి పిల్లి. ఎలుక శరీరంలోని నీటితోనే సగం దాహం తీర్చుకుంటూ, మూత్రాన్ని బాగా చిక్కబరచి బతికిన జంతువు. మన మూత్రపిండాలు గట్టిగా ప్రయత్నిస్తే మూత్రం సాంద్రతను 1.035 దాకా తీసుకెళ్తాయి. పిల్లి 1.080 కూడా దాటగలదు. ఎడారిలో అది వరం. పొడి గింజల తిండి తింటూ గిన్నెలో నీళ్లు అరకొరగా తాగే ఫ్లాట్ పిల్లికి అదే శాపం కావచ్చు. పొడి తిండిలో నీరు పదో వంతు కూడా ఉండదు. తడి తిండిలో నాలుగింట మూడు వంతులకు పైగా నీరే. చిక్కటి మూత్రంలో ఖనిజాలు స్ఫటికాలుగా విడిపోవడం తేలిక.

ఆ స్ఫటికాల్లో ప్రధానమైనవి రెండు. స్ట్రువైట్ అంటే మెగ్నీషియం అమ్మోనియం ఫాస్ఫేట్. మూత్రాన్ని కాస్త ఆమ్లంగా మార్చే ప్రత్యేక తిండితో ఇది కరిగిపోతుంది. కాల్షియం ఆక్సలేట్ కరగదు, తీయాల్సిందే. ఏ రాయో తెలియకుండా తిండి మార్చడం చీకట్లో మందు వేయడమే.

దీనికి చరిత్ర పెద్ద పాఠం చెప్పింది. మినెసోటా యూనివర్సిటీలో 1981 నుంచి ఒక రాళ్ల కేంద్రం నడుస్తోంది. ప్రపంచం నలుమూలల నుంచి పశువైద్యులు తీసిన రాళ్లను అక్కడికి పంపితే ఉచితంగా విశ్లేషిస్తారు. 1981లో అక్కడికి వచ్చిన పిల్లి రాళ్లలో 78 శాతం స్ట్రువైట్, 2 శాతం మాత్రమే ఆక్సలేట్. స్ట్రువైట్ తగ్గాలని కంపెనీలు 1980ల్లో తిండిలో మెగ్నీషియం తగ్గించి, మూత్రం ఆమ్లంగా మారేలా చేశాయి. స్ట్రువైట్ నిజంగానే తగ్గింది. కానీ కొత్త శతాబ్దం వచ్చేసరికి ఆ కేంద్రానికి చేరే రాళ్లలో సగానికి పైగా ఆక్సలేట్. ఒక రాయిని తగ్గించే ప్రయత్నం మరో రాయికి దారి ఇచ్చి ఉండవచ్చని అప్పుడు అర్థమైంది. ఆ తర్వాత తిండి మళ్లీ మారింది, లెక్కలూ మళ్లీ మారాయి. ఎవరో కూర్చుని రాళ్లు లెక్కపెట్టకపోతే ఈ సంగతి ఎవరికీ తెలిసేది కాదు.

ఇక ఏ రాయీ లేకుండా వచ్చే వాపు. దీన్ని ఇడియోపతిక్ సిస్టైటిస్ అంటారు. కారణం ఇదని వేలు పెట్టి చూపలేని వాపు అని అర్థం. ఇందులో ఒత్తిడి పాత్ర గట్టిగా ఉందని ఒహాయో పశువైద్యుడు టోనీ బఫింగ్టన్ దశాబ్దాల పాటు చూపుతూ వచ్చారు. 2006లో ఆయన బృందం ఇళ్లలోనే ఉండే 46 పిల్లుల పరిసరాలు మార్పించి పది నెలలు గమనించింది. ఎక్కి కూర్చోవడానికి ఎత్తయిన చోటు, దాక్కునే మూల, ట్రేలు ఎక్కువ పెట్టడం, రోజూ ఆట. మూత్ర సమస్యలు బాగా తగ్గాయి. పోల్చి చూడటానికి మార్పు చేయని మరో గుంపు లేకపోవడం ఆ అధ్యయనానికి లోటే. కానీ ఇందులో ఖర్చు ఒక అట్టపెట్టె, ఒక అదనపు ట్రే. ఇల్లు మారడం, కొత్త పిల్లి రావడం, చుట్టాల సందడి, దీపావళి టపాసులు, ఇవన్నీ ఎన్‌సీఆర్ ఫ్లాట్‌లలో మామూలే. పులిరాజు మొదటిసారి మూసుకుపోవడానికి వారం ముందు ఆ ఇంట్లో టైల్స్ మార్చారు. అదే కారణమని నేను అనను. అడిగినవాళ్లు మాత్రం ఎవరూ లేరు.

లెక్కలో లేని జంతువు

ఇప్పుడు నా అసలు ఫిర్యాదు. 2024 అక్టోబరులో మొదలైన 21వ పశుగణనలో ఆవు, గేదె, మిథున్, యాక్, గొర్రె, మేక, పంది, ఒంటె, గుర్రం, పోనీ, కంచరగాడిద, గాడిద, కుక్క, కుందేలు, ఏనుగు ఉన్నాయి. కోళ్లు, బాతులు సరేసరి. పిల్లి లేదు. కుందేలుకు ఉన్న గడి పిల్లికి లేదు.

లెక్క లేకపోతే ఏమవుతుంది? మందు ఉదాహరణ చూడండి. మూసుకుపోయిన పిల్లులకు గొట్టం కండరం వదులవుతుందని ప్రజోసిన్ అనే మందు ఏళ్ల తరబడి రాస్తున్నారు. తర్కం బాగానే ఉంది. 2022లో అమెరికాలో 388 పిల్లుల రికార్డులు తిరగేసి చూస్తే, ఆ మందు ఇచ్చిన వాటిలో మళ్లీ మూసుకుపోవడం తగ్గకపోగా ఎక్కువగా కనిపించింది. పాత రికార్డులు తిరగేసిన అధ్యయనమే తుది తీర్పు కాదు. కానీ ప్రశ్న వేయడానికైనా 388 రికార్డులు ఒకచోట ఉండాలి. మన పశువైద్య పత్రికల్లో పిల్లుల పీయూ గురించి వచ్చేవి ఎక్కువగా ఒకటి రెండు పిల్లుల కేసు నివేదికలు. ఒక పిల్లి బతికిందని చెప్పవచ్చు. వందలో ఎన్ని బతుకుతాయో అలా చెప్పలేం. అక్క అడిగిన ప్రశ్నకు డాక్టర్ గారు ఇచ్చిన జవాబు సన్నగా ఉండటానికి ఆయన ఒక్కరే కారణం కాదు.

"మనుషులకే డయాలసిస్ దొరకని చోట పిల్లికి ఆపరేషన్ గోల ఏంటి?" అని అడిగేవాళ్లు ఉంటారు. మా ఇంట్లోనే అడిగారు. ప్రశ్న న్యాయమైనదే. రెండు జవాబులు చెప్పాలి.

ఒకటి, ఇది పిల్లి గోల మాత్రమే కాదు. మూత్రంలో రాయి అడ్డుపడి చనిపోయే మేకపోతులు, ఎడ్లు మన ఊళ్లలో కొత్త కాదు. మేకపోతుల్లో అంగం చివర తోకలా ఉండే సన్నని భాగంలో, ఎడ్లలో గొట్టం మెలిక తిరిగే చోట రాయి ఇరుక్కుంటుంది. గన్నవరం, తిరుపతి, రాజేంద్రనగర్ పశువైద్య కళాశాలల్లో చదివే విద్యార్థులు ఎడ్లకు చేసే యురెత్రాస్టమీ గురించి నేర్చుకునే బయటికి వస్తారు. గొట్టాన్ని పక్కదారిలో తెరిచి ప్రాణం నిలపడమన్న ఆలోచన ఒకటే. మేకపోతు చనిపోతే ఒక కుటుంబం ఆ ఏటి రాబడిలో కొంత పోగొట్టుకుంటుంది. ఒకరి కోసం పెంచిన నైపుణ్యం మరొకరికి పనికొస్తుంది.

రెండోది, నేను అడుగుతున్నవి ఖరీదైనవి కావు. 2024 జూలైలో ముంబై మహాలక్ష్మిలో టాటా ట్రస్ట్స్ ఐదంతస్తుల చిన్న జంతువుల ఆస్పత్రి తెరిచింది. మంచిదే. కానీ అలాంటి ఆస్పత్రి ప్రతి ఊళ్లో వస్తుందని ఎదురుచూడలేం. అంతకన్నా చవకైన పనులు నాలుగు ఉన్నాయి.

మొదటిది, గడియారం గురించి చెప్పడం. రేబిస్ టీకా వేయించడానికి వచ్చిన ప్రతి మగపిల్లి యజమానికి ఒక వాక్యం చెప్పాలి: "ట్రేలో ముక్కుతూ మూత్రం రాకపోతే తెల్లారేదాకా ఆగొద్దు." పశువుల అంబులెన్సు సేవలకు ఇప్పటికే 1962 నంబరు ఉంది. అక్కడ ఫోన్ ఎత్తేవాళ్ల ప్రశ్నల జాబితాలో ఈ ఒక్క ప్రశ్న చేర్చవచ్చు. ఎద్దు గురించి, మేకపోతు గురించి అడిగేదీ ఇదే ప్రశ్న.

రెండోది, నమోదు. నోయిడా అథారిటీ 2022 నవంబరులో కొత్త విధానం తెచ్చి, పెంపుడు కుక్కలతో పాటు పిల్లుల్నీ 2023 జనవరి 31 లోగా నమోదు చేయించాలని చెప్పింది. పశుగణనకు కనిపించని పిల్లి ఇక్కడ కనిపించింది. అయితే ఆ నిబంధన ఆలోచనంతా పొరుగువారితో గొడవలు, జరిమానాల చుట్టూ తిరుగుతుంది. ఏటా నమోదు పొడిగించేటప్పుడు వయసు, తిండి రకం, మూత్రం ఆగిందా, ఆపరేషన్ జరిగిందా అనే నాలుగు గడులు చేరిస్తే, యజమానుల పేర్లు లేకుండా ఆ లెక్కను పశువైద్య కళాశాలలకు ఇస్తే, రెండు మూడేళ్లలో ఒక నగరం గురించైనా మనకు ఏదో తెలుస్తుంది.

మూడోది, రాయిని చెత్తబుట్టలో వేయకపోవడం. పరారుణ కాంతిని పంపి, ఏ పౌనఃపున్యాల దగ్గర అది శోషణకు గురైందో చూసి రాయి ఏమిటో చెప్పే యంత్రం మన విశ్వవిద్యాలయాల్లో చాలాచోట్ల ఉంది. ఎమ్మెస్సీలో నేను అదే యంత్రం మీద పొడులు కొలిచి మార్కులు తెచ్చుకున్నాను. స్ట్రువైట్‌నూ, ఆక్సలేట్‌నూ వేరు చేయడం దానికి కష్టమైన పని కాదు. బరేలీ దగ్గర ఇజ్జత్‌నగర్‌లోని భారత పశువైద్య పరిశోధన సంస్థ లాంటి చోట ఒక రాళ్ల కేంద్రం పెట్టి, పిల్లి రాయి, మేక రాయి, ఎద్దు రాయి అన్నీ పంపమంటే, మినెసోటా నలభై ఏళ్లకు పైగా చేస్తున్న పని మనం మన తిండికి, మన నీళ్లకు, మన ఎండలకు తగ్గట్టు మొదలుపెట్టినట్టవుతుంది.

నాలుగోది పశువైద్యులకు నా విన్నపం. ఆపరేషన్ కాగితం మీద సంతకం పెట్టించుకునేటప్పుడు రెండు వాక్యాలు విడివిడిగా చెప్పండి. "ఇది గొట్టాన్ని బాగుచేస్తుంది." "ఇది జబ్బును నయం చేయదు, దానికి ఇంట్లో చేయాల్సినవి ఇవి." రెండో వాక్యం చెబితే మనుషులు ఆపరేషన్ వద్దంటారన్న భయం కొందరికి ఉండవచ్చు. నా అనుభవం వేరు. నిజం తెలిసినవాళ్లు నీళ్ల గిన్నెలు పెంచుతారు.

పులిరాజుకు ఆపరేషన్ జరిగి ఏడాది దాటింది. మళ్లీ మూసుకోలేదు. ఆరో నెలలో మాత్రం మూత్రంలో రక్తం కనిపించింది. అక్క మా తలుపు కొట్టింది. "ఆపరేషన్ అయ్యాక ఇక రాదన్నారు కదా తమ్ముడూ?" అంది. ఆ గొంతులో కోపం కన్నా మోసపోయానన్న బాధ ఎక్కువగా ఉంది. కల్చర్‌లో బ్యాక్టీరియా దొరికింది, రెండు వారాల మందుతో తగ్గింది. ఆ రోజే కూర్చుని ఆమెకు గొట్టం సంగతి, మూత్రాశయం సంగతి వేర్వేరుగా బొమ్మ గీసి చెప్పాను. పది నిమిషాలు పట్టింది. ఇప్పుడు ఆ ఇంట్లో నీళ్ల గిన్నెలు నాలుగు, ట్రేలు రెండు, ఫ్రిజ్ మీద ఒక అట్టపెట్టె. పొద్దున్నే లేచి అక్క చేసే మొదటి పని ట్రేలో గడ్డకట్టిన ఉండలు లెక్కపెట్టడం. క్యాలెండర్ మీద తేదీ పక్కన ఆ అంకె రాసి పెడుతుంది.

ఆ ఇంట్లో లెక్క మొదలైంది. ఇక మొదలుపెట్టాల్సింది మిగతా మనమే.